చెప్పులు విప్పనక్కర్లేదు

మా చరిత్ర మేడం పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను. నా బల్ల ముందు ఒక ముసలాయన చేతులు కట్టుకొని నిలబడి ఉన్నాడు. "తార్నాకలో, ఇంట్లోనేనట, పొద్దున" అని నా క్లాస్‌మేట్ ఇంకా ఏదో చెబుతోంది. వింటూ వింటూ తల దించుకున్నాను. ఆయన కాళ్ళకి చెప్పులు లేవు. ఏడుపు కంటే ముందు నాకు సిగ్గు వచ్చింది.

మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేను. క్యాంపస్‌కి వచ్చిన కొత్తలో ఎవరైనా ఇంగ్లీషులో మాట్లాడితే వెనక బెంచీలోకి జరిగిపోయేదాన్ని. మేడం క్లాసులోకి రాగానే సుద్దముక్కని రెండుగా విరిచి, ఒక సగం వెనక బెంచీలో ఎవరికో ఒకరికి ఇచ్చేవారు. "బోర్డు నా ఒక్కదానిదా?" అనేవారు. మొదటి రోజు ఆ సగం నాకొచ్చింది. బోర్డు పైభాగంలో ఆమె ఒక ప్రశ్న రాశారు: మామూలు మనుషులు ప్రభుత్వాల మీద ఎందుకు తిరగబడతారు? కింద జవాబులు రాయడం నా పని. ఆకలి, పన్నులు, ధరలు, యుద్ధం అని క్లాసంతా అరిచింది. నేను వంకర అక్షరాలతో అన్నీ రాశాను.

"అన్నీ నిజమే" అన్నారు మేడం. "కానీ ఆకలొక్కటే చాలితే ఏ రాజ్యమూ మూడు పూటలు నిలబడేది కాదమ్మా. ఆకలిని మనిషి ఓర్చుకుంటాడు. ఆకలేస్తోందని చెప్పుకోవడానికి వెళ్తే మొహం మీద నవ్వారనుకో, దాన్ని ఓర్చుకోడు."

ఎక్కడో రొట్టె కోసం వరుసలో నిలబడ్డ ఆడవాళ్ళ గురించి చెప్పినా, ఉప్పు మీద పన్ను గురించి చెప్పినా, మన పల్లెల్లో వెట్టి గురించి చెప్పినా పాఠం చివర ఆమె ఒకటే అడిగేవారు. "ధరలు చూశారు, సరే. ఆ రోజు గుమ్మం దగ్గర ఎవరు ఎవరిని ఏమన్నారు? అది వెతకండి."

ఒకసారి మా నాయిన నన్ను చూడడానికి మక్కకంకుల సంచితో క్యాంపస్‌కి వచ్చాడు. మేడంకి దండం పెడతానన్నాడు. ఆమె గది ముందుకు రాగానే చెప్పులు విప్పి, గోడ పక్కన పెట్టి, బయటే నిలబడ్డాడు. మా ఊళ్ళో తాతల కాలంలో దొర ఉండే గడీ ముందు నుంచి చెప్పులతో నడవనిచ్చేవారు కాదు. ఆ గడీ ఎప్పుడో కూలింది, అందులో తుమ్మచెట్లు మొలిచాయి. మా నాయిన కాళ్ళకి మాత్రం ఆ కబురు అందలేదు. వరండాలో పిల్లలు చూస్తున్నారు. నేను ఆయన్ని ఎరగనట్టు నిలబడ్డాను.

మేడం బయటికొచ్చి చూశారు. తన చెప్పులు కూడా విప్పి ఆయన చెప్పుల పక్కన పెట్టారు.

"అయ్యో, మీరేంది మేడం! కాళ్ళకు దుమ్మైతది!"

"మరి మీకు కాదా?"

"మాకు అలవాటే మేడం."

"నేనూ అలవాటు చేసుకుంటా. మీరు వేసుకుంటే నేనూ వేసుకుంటాను."

"గిదేం లొల్లి బిడ్డా, నువ్వన్న చెప్పు" అని నాయిన నా వైపు తిరిగాడు. చివరికి ఇద్దరూ నవ్వుతూ ఒకేసారి చెప్పులు తొడుక్కున్నారు. మర్నాడు క్లాసులో మేడం ఆ సంగతి ఎత్తలేదు. ఎత్తితే ఆ బెంచీ కిందే దాక్కునేదాన్ని.

ఉద్యోగ పరీక్షలకి చదివేటప్పుడు కోచింగ్‌కి కట్టే స్తోమత లేక తార్నాకలో ఆమె ఇంటికే వెళ్ళేదాన్ని. కిటికీ కింద కోచింగ్ సెంటర్ మైకు మోగుతుంటే, "వాళ్ళు జవాబులు చెప్తున్నారు, మనం ప్రశ్నలు చూసుకుందాం" అని కిటికీ మూసేవారు. జామకాయ కోసి ఉప్పూకారం అద్ది పెట్టేవారు. మండల ఆఫీసులో ఉద్యోగం వచ్చిందని చెప్పిన రోజు, "ఇకనుంచి ప్రభుత్వమంటే నువ్వే. బల్లకి అటువైపు నుంచి ఎలా కనపడుతుందో వచ్చి చెప్పు. నేనెప్పుడూ ఇటునుంచే చూశాను" అన్నారు.

చేరిన కొన్ని నెలలకి మిఠాయి పట్టుకొని నాయినతో కలిసి వెళ్ళాను. నేను నోరు తెరిచేలోపే నాయిన అందుకున్నాడు. "మా బిడ్డ ఆఫీసుల మస్తు ఇజ్జత్ మేడం. ఎవరొచ్చినా చెప్పులు బయటనే ఇడ్సి లోపలికొస్తరు!"

నేను నవ్వాను. గర్వంగానే నవ్వాను.

మేడం మిఠాయి చేతిలోనే పట్టుకొని నా వైపు చూశారు. "నువ్వు విప్పమన్నావా?"

"లేదు మేడం, వాళ్ళే..."

"ఊఁ. గడీ దొర కూడా ప్రతిరోజూ చెప్పి ఉండడు" అన్నారు, చాలా మెల్లగా. నాయినకి అర్థం కాలేదు. ఆమె వెంటనే వానల గురించి, మక్క గురించి ఆయన్ని అడగడం మొదలుపెట్టారు.

సోమవారం నా గది తలుపు పక్కన బోర్డు పెట్టించాను: "చెప్పులు విప్పనక్కర్లేదు. లోపలికి రండి." జనం వచ్చారు. కొందరు చదివారు, కొందరు చదివించుకున్నారు. చదివి, సరిగ్గా ఆ బోర్డు కిందే చెప్పులు విప్పి, వరుసగా సర్ది లోపలికొచ్చారు. మేడంకి ఏమని చెప్పను? ఏదైనా మారాక వెళ్దామనుకున్నాను. ఇంతలో ఫోన్ వచ్చింది.

తార్నాకలో ఆమె ఇంటి ముందు మెట్ల కింది దాకా చెప్పులు. నాయిన కూడా వచ్చాడు. విప్పబోయి ఆగి, నా మొహం చూశాడు. మిఠాయి తెచ్చిన రోజు మేడం అన్న గడీ మాటకి అర్థమేంటో ఆయన తర్వాత ఎవరినో అడిగి తెలుసుకున్నాడట. "ఈడ ఇడ్వాలె బిడ్డా. ఇది భయం గాదు" అన్నాడు. ఇద్దరం వట్టి కాళ్ళతో లోపలికెళ్ళాం. మేడం పాదాలు తెల్లబట్టలోంచి కొంచెం బయటికి కనిపిస్తున్నాయి.

మూడోరోజు ఆఫీసుకు వెళ్ళాను. వరండాలోంచి టపటపా చెప్పుల చప్పుడు. ఒక పెద్దమ్మ బోర్డు వైపు చూడకుండా, చెప్పులతోనే నా బల్ల దాకా వచ్చి భూమి పాస్‌బుక్కు ముందు పడేసింది.

"ఏందమ్మా, నా పేరు నాకు రాసియ్యడానికి ఎన్నిసార్లు తిరుగుమంటవ్? కాళ్ళు నీయా, నాయా?"

బంట్రోతు కసురుకోబోతే వద్దన్నాను. కుర్చీ చూపించాను. ఆమె కూర్చోలేదు. పాస్‌బుక్కు తెరిచి, తప్పు పడ్డ ఆమె పేరు చూశాను. బల్లకి అటువైపు నుంచి ఎలా కనపడుతుందో ఇప్పుడు చెప్పగలను మేడం, వినడానికి మీరు లేరు. ఎర్రమట్టి అంటిన ఆ రబ్బరు చెప్పులు నా ముందే ఉన్నాయి. ఒక చెప్పు వారు తెగితే పిన్నీసు గుచ్చి ఉంది. ఆ కాళ్ళు కదలడం లేదు.