తమ్ముడి వాటా జమ్మి

పెద్దబాపు పోయాడని మొన్న పొద్దున ఎంకపల్లి నుంచి మా బాపు ఫోన్ చేశాడు. పోయింది ఆయన సొంత అన్న. "పోనీ తియ్‌రా, ఆయనకు నిమ్మళం, ఊరికి నిమ్మళం" అన్నాడు. నేను హైటెక్ సిటీలో సగం లేచిన ఆఫీసు బిల్డింగులో వైరింగ్ చేస్తున్నాను. చేతిలోని వైరు చుట్ట గోడకేసి కొట్టాను. ఆ కోపం దిగకముందే ఇది రాస్తున్నాను.

ఊళ్లో ఎవరి పంచాయితీ అయినా పెద్దబాపు అరుగు మీదికే వచ్చేది. అరిచేవాడి చేతికి ముందు నీళ్ల చెంబు ఇచ్చేవాడు. "తాగు. నీళ్లు లోపటికి పోయినంక మాట బయటికి తియ్." ఆ నీళ్లు నేనూ చాలాసార్లు తాగాను.

తర్వాత భూముల ధరలు లేచాయి. మొయినాబాద్ రోడ్డు మీద ప్లాట్లు చూడొచ్చిన కారొకటి ఆయన మోపెడ్‌ను గుద్దింది. నుదురు పగిలింది. దవాఖాన నుంచి నడిచే వచ్చాడు, అందరినీ గుర్తుపట్టాడు. బాగయ్యాడనుకున్నారు. కానీ నోటికి అడ్డు లేకుండా పోయింది. చేవెళ్ల మార్కెట్లో ఆడామగా చూడకుండా బూతులు. నీళ్లిస్తే చెంబు విసిరేవాడు.

"గదే ఆయన అసలు గుణం. ఇన్నేండ్లు దాసుకున్నడు" అన్నాడు బాపు. ఊరంతా అదే పాట.

నేను పదో తరగతితో ఆగినవాణ్ని. కోఠి ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొని, తెలియని మాటలు నెట్ సెంటర్లో వెతికి చదువుకున్నాను. నుదుటి వెనకున్న మెదడే నోటిని పట్టి ఆపుతుందట. అది దెబ్బతింటే ఎంత నెమ్మదస్తుడైనా తిడతాడు. కాలు విరిగినవాణ్ని కుంటుతున్నాడని వెలేస్తామా? ఇదంతా బాపుకు చెప్పాను. నీ తెలివి నీ దగ్గరే పెట్టుకో అన్నాడు.

దసరా నాడు చిన్నవాడు పెద్దవాడి చేతిలో జమ్మి పెట్టి కాళ్లు మొక్కాలి, తర్వాత అలయ్ బలయ్ అని ఇద్దరూ కౌగిలించుకోవాలి. పెద్దబాపు అంతదాకా ఆగేవాడు కాదు. తానే ముందు మా ఇంటికొచ్చి తమ్ముడి చేతిలో ఆకు పెట్టేవాడు. "అన్ననైతేంది, నడిస్తె అరిగిపోతనా?"

పోయిన దసరాకూ వచ్చాడు. దారిపొడవునా తిడుతూనే వచ్చాడు, చేయి మాత్రం జమ్మితో చాచే ఉంది. పాత అలవాట్లు మెదడులో ఇంకోచోట, లోతుగా ఉంటాయని చదివాను. కారు దెబ్బ అక్కడిదాకా పోలేదు. తిట్లు ఆయన అసలు గుణమైతే, ఆ చేయి ఎవరిది?

బాపు లోపలికి పోయి తలుపేసుకున్నాడు. అరుగు మీదున్న నేను చేయి చాపాను. "నీది గాదు. మా తమ్మునిది" అన్నాడు, ఒక బూతు కలిపి. తలుపును తిడుతూనే వంగి, ఆకులు గడప పక్కన పెట్టాడు. గాలికి పోకుండా మీద ఒక రాయి పెట్టి వెళ్లిపోయాడు.

నిన్న దహనం అయ్యాక బాపు ఇంటికొచ్చి, గడప దాటబోయి ఆగాడు. పెద్దబాపు జమ్మి మీద పెట్టిన రాయి ఇంకా అక్కడే ఉంది. వంగాడు. ఎత్తడానికి ఆయనకు చేతులు రాలేదు.