రూలు పుట్టిన కర్ర

లా కాలేజీలో చేరిన ఏడాది నాకు నోరు మరీ పెద్దదైంది. పొద్దున క్లాసులో విన్నది సాయంత్రానికల్లా సోలాపూర్ జోడ్‌భావి పేట్‌లోని మా ఇంట్లో ఎవరో ఒకరికి అప్పజెప్పకపోతే అన్నం సహించేది కాదు. "కోర్టు సురువైంది" అని తాత నవ్వేవాడు. వదిన మాత్రం బీడీలు చుట్టుకుంటూ అన్నీ వినేది.

ఒకరోజు మా మాస్టారు 'రెగ్యులా' అనే లాటిన్ మాట గురించి చెప్పారు. రూలు, రెగ్యులర్, రెగ్యులేషన్ అన్నీ దాని సంతానమేనట. మొదట్లో దానికి ఆజ్ఞ అన్న అర్థమే లేదు. తిన్నని కర్ర, అంతే. గోడ కట్టేవాళ్ళు, చెక్క పని చేసేవాళ్ళు వంకర పట్టుకోవడానికి ఆనించి చూసుకునే బద్ద. తర్వాత ఆదర్శంగా పెట్టుకునే దేనికైనా ఆ పేరు వచ్చింది. రోమ్ న్యాయవేత్తలు ఎన్నో తగాదాలు చూశాక వాటి సారాన్ని ఒక్క ముక్కలో చెప్పి దాన్నీ రెగ్యులా అన్నారు. మఠాల్లో సన్యాసులు ఎప్పుడు లేవాలో, ఎప్పుడు తినాలో రాసుకున్న కట్టుబాట్లకూ అదే పేరు. ఫ్రాన్స్ మీదుగా ఇంగ్లీషు చేరేసరికి అది రూల్ అయింది. ఇంకో కొమ్మ కమ్మీగా మారి రైల్ అయింది. మా సోలాపూర్ స్టేషన్‌లోని పట్టాలు కూడా ఆ కర్రకు దూరపు చుట్టాలేనని తెలిసి భలే ముచ్చటేసింది.

చివర్లో మాస్టారు, రోమన్ల పద్ధతిలో మొదట కేసు, ఆ తర్వాతే రూలు అన్నారు. నాకు వెంటనే వదిన గుర్తొచ్చింది.

నేత పని చేసే మా ఇంట్లోనూ ఒక రూలుండేది. ఆడవాళ్ళు కండెలు చుట్టవచ్చు, తెగిన పోగులు అతకవచ్చు. నేసేవాళ్ళు కాళ్ళు దించుకుని కూర్చునే మగ్గం గుంటలో మాత్రం అడుగు పెట్టకూడదు. అన్నయ్య కుంఠా నాకాలో పవర్‌లూమ్ పనికి పోయాక ఆ గుంట ఖాళీ అయింది, మగ్గం మీది చీర సగంలో ఆగింది. ఆదివారం వడ్రంగిని పిలిచి మగ్గం ఊడదీయిస్తానని, గుంట పూడ్చేస్తానని తాత అన్నాడు.

వదిన పుట్టింట్లో ఈ పట్టింపు లేదు, ఆమెకు నేత బాగా వచ్చు. తంబాకు దుమ్ముకు ఆమె దగ్గు తగ్గేదే కాదు. "గా మగ్గం నాకిస్తే బీడీలు బంద్ చేస్త" అని నాతో అంది గాని, తాతను అడిగే ధైర్యం లేదు. మగ్గం పోతే ఆమెకు బీడీల చాటే గతి. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ సాయంత్రమే తాత ముందు కూర్చుని కర్ర కథంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"గా దేశంల మగ్గాలుండెనా?"

"ఉండె తాతా. ఇండ్లల్ల ఆడోళ్ళే నేసెటోళ్ళు."

"గందుకే వాళ్ళ రాజ్యం పోయింది."

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను నవ్వలేదు.

"మరి మన రూలు ఏ కేసు మీద పెట్టిన్రు తాతా?"

ఆయన మెల్లగా చెప్పాడు. "మా అమ్మ మా బాపుతోని సమానంగ నేస్తుండె. నిండు నెలలు. వానలకు గుంటల చెమ్మ. పైకెక్కుతుంటె కాలు జారింది. కడుపుల బిడ్డ దక్కలే. అమ్మ మల్ల సక్కగ లేవనే లేదు. గప్పుడు మా బాపు ఒట్టు పెట్టిండు, ఈ ఇంట్ల ఆడోళ్ళెవలు గుంటల దిగద్దని."

ఇన్నాళ్ళూ అది మైల పట్టింపు అనుకున్నాను. ఒక మనిషి దుఃఖమని అనుకోలేదు. నా కోపం ఎటో పోయింది.

అప్పుడు వదిన చాట పక్కన పెట్టి, మొదటిసారి సూటిగా తాతనే అడిగింది.

"గుంటకు మెట్టు లేకుండెనా తాతా?"

"లేకుండె."

"ఇప్పుడు గూడ లేదు."

తాత ఆమె వైపు చూశాడు. లేచి బయటికి వెళ్ళిపోయాడు. పని చెడిందనుకుని తర్వాతి రెండు రోజులూ నేనూ వదినా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఆదివారం వడ్రంగి రంపం, ఉలి పట్టుకుని వచ్చాడు. తాత అతన్ని మగ్గం ముట్టుకోనివ్వలేదు. మధ్యాహ్నం దాకా పక్కనే నిలబడి గుంటలోకి వెడల్పాటి మెట్టు, గోడకు పట్టుకునే కర్ర చేయించాడు. తనే ముందు దిగి, మెట్టును రెండు కాళ్ళతో తొక్కి చూసి పైకొచ్చాడు. వదిన గడప దగ్గరే నిలబడి ఉంది.

"రా బిడ్డా," అని తాత చెయ్యి చాపాడు. "పైలంగ దిగు. మా అమ్మకు గా పొద్దు పట్టుకునెతందుకు ఏం లేకుండె."