పిడుగు మామ తిట్లూ, బెంచీ కింద మైకూ

పిడుగు మామకి ఒకటే జబ్బు, తిట్టడం. వాలీబాల్ లీగులో రెఫరీగా ఉన్నన్నాళ్ళూ ఈల కన్నా ఆయన నోరే ఎక్కువ మోగింది. రిటైరయ్యాక ఆ నోరు ఇంట్లో ఉంటే గోడలు బీటలు వారతాయని భయపడిందో ఏమో, క్రమశిక్షణ సంఘంలో సభ్యుడిగా రమ్మని లీగువాళ్ళు పిలవగానే భార్య సంతోషంగా పంపించేసింది.

ఆ లీగు ఆఫీసులోనే ఆయన అల్లుడు గుమాస్తా. సంఘం కూర్చున్నప్పుడల్లా ఎవరేమన్నారో రాసుకోవడం అతని పని. పాపం, ఇంట్లో తిట్లు తినేవాడు, ఆఫీసులోనూ తినేవాడు. ఆఫీసు తిట్లయితే రాసుకోవాలి కూడా.

పెళ్ళి మాటలనాడే మామ అతన్ని పదిమందిలో కడిగేశాడు. "ఏమిటయ్యా ఆ భుజాలు, హ్యాంగరుకి చొక్కా తగిలించినట్టు? ఆ ఉద్యోగమేమిటి, పక్కవాళ్ళ మాటలు రాసుకోవడమా? దానికి చిలక చాలదూ?" అప్పటిదాకా ఈ సంబంధం వద్దని మూతి ముడుచుకుని కూర్చున్న మామ అక్కలు చటుక్కున ఇటు తిరిగారు. "పిల్లాణ్ణి పట్టుకుని అవేం మాటల్రా, నోరా అది?" అంది పెద్దక్క. టీలు చల్లారేలోపు పెళ్ళి ఖాయమైంది. తిట్లు మాత్రం అల్లుడి గుండెలో ముల్లులా ఉండిపోయాయి.

మరోసారి ఆఫీసు డ్రైవరు లీగు చైర్మన్‌గారి కారుని తీసుకెళ్ళి గేటుకి గుద్దాడు. చైర్మన్ నోరు తెరిచేలోపే మామ అందుకున్నాడు. "నీకు స్టీరింగ్ ఎవడిచ్చాడ్రా? నీ చేతికి గరిటె ఇచ్చినా గిన్నె బోల్తా కొడుతుంది. ఇవాళ గేటు కనపడలేదు, రేపు కొండ కనపడదు. గుద్దేసి, కొండనే పక్కకి జరగమంటావు." అలా గేటు దగ్గర మొదలుపెట్టి డ్రైవరు తాత ముత్తాతల దాకా వెళ్ళాడు. చివరికి చైర్మనే ఇబ్బందిపడి, "పోనీలెండి, ఆ గేటు కూడా కాస్త ఇరుకే" అన్నాడు. డ్రైవరు ఉద్యోగం నిలిచింది.

అల్లుడికి ఇందులో మర్మమేదీ తట్టలేదు. ముసలాయనకి పేదవాడు దొరికితే చాలు, నోటి దురద తీర్చుకుంటాడనే అనుకున్నాడు.

ఆ ఏడు ఫైనల్ గద్దల జట్టుకి వాళ్ళ సొంత స్టేడియంలోనే పడింది. ఆట మధ్యలో ఎదుటి జట్టు టైమవుట్ అడిగింది. వాళ్ళ కోచ్ కుర్రాళ్ళని బెంచీ దగ్గరకి పిలిచి గుసగుసగా చెప్పాడు. చెప్పింది చెప్పినట్టు స్టేడియంలోని లౌడ్‌స్పీకర్లన్నీ వినిపించాయి. "గద్దల కెప్టెన్‌కి ఎడమ మోకాలు నొప్పిరా. బంతి అటే వెయ్యండి." కోచ్ బిత్తరపోయి పైకి చూశాడు. "ఇదేమిట్రా, నా గొంతు ఆకాశంలోంచి వస్తోంది?" అదీ వినిపించింది.

జనం పడీపడీ నవ్వారు. ఎవడో వంగి బెంచీ కింద చూస్తే టేపు వేసి అతికించిన మైకు కనపడింది. అందులో పడిన మాటలు రహస్యంగా గద్దల కోచ్ చెవిలో దోపుకున్న బుల్లి బిళ్ళలోకి వెళ్ళాలి. స్టేడియం మైకు మనిషి కంగారులో పక్క స్విచ్చు నొక్కాడు. ఒక చెవికి వెళ్ళాల్సిన మాట ఊరందరి చెవులకీ వెళ్ళింది.

మరి లీగు ఏం చేసింది? కప్పు తీసుకెళ్ళి గద్దల చేతిలో పెట్టింది. 'ధ్వని వ్యవస్థలో సాంకేతిక లోపం' అని మర్నాడు ప్రకటన ఇచ్చింది. దొంగ గోడ దూకుతూ జారిపడితే, గోడ నునుపెక్కువని చెప్పినట్టు. ఓడినవాళ్ళు గోల చేస్తే విచారణ అంది. చైర్మన్‌గారికి నడుం నొప్పని ఒకసారి, గద్దల యజమాని విదేశంలో ఉన్నాడని ఇంకోసారి వాయిదా వేసింది. ఆ విదేశంలో ఇద్దరూ ఒకే హోటల్లో నడుం వాల్చారని ఆఫీసులో అందరికీ తెలుసు.

విచారణ ముందురోజే తీర్పు టైపు చెయ్యమని అల్లుడికి ఇచ్చారు. తప్పంతా మైకు మనిషిదట. 'అత్యుత్సాహంతో, సొంత నిర్ణయంతో' చేశాడట. ఇక జన్మలో లీగు స్టేడియం ఒక్కదాంట్లోనూ అతను అడుగు పెట్టకూడదట. గద్దల జట్టుకి మందలింపట. ఊళ్ళో స్టేడియాలన్నీ లీగు చెప్పుచేతల్లోవే. మైకులూ తీగలూ తప్ప ఇంకో పని తెలియని మనిషికి అది ఉరిశిక్షతో సమానం. అల్లుడి ఒళ్ళు మండిపోయింది.

ఇంటికెళ్ళి, "విచారణ రేపు మామయ్యా, తీర్పు ఇవాళే టైపు చేయించారు. సిగ్గుందా వీళ్ళకి?" అన్నాడు.

"నువ్వు టైపు చేస్తే అందులో తప్పులుంటాయి గానీ తీర్పు ఎక్కడుంటుందిరా" అని మామ పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఈ మనిషితో మాట్లాడటం నాదే తప్పు, అనుకున్నాడు అల్లుడు.

మర్నాడు పొడుగుబల్లకి ఒకవైపు సంఘం, ఇంకోవైపు గద్దల యజమాని, అతని కెప్టెన్, ఓడిన జట్టు కోచ్. మూల కుర్చీ అంచు మీద మైకు మనిషి. ఏసీలోంచి నీళ్ళు కారుతుంటే కింద బకెట్ పెట్టారు. చైర్మన్ బిస్కట్ నములుతూ, "అంతా స్పష్టంగానే ఉంది కదా. ముగించేద్దామా?" అన్నాడు.

"అప్పుడేనా?" అంటూ మామ లేచి మైకు మనిషి ముందు నిలబడ్డాడు. "ఏరా తలకి మాసినవాడా, కప్పు కావాల్సి వచ్చిందా నీకు? ఎక్కడ పెట్టుకుందామనిరా, పొయ్యి మీదా?"

మైకు మనిషి తల వంచుకున్నాడు. "లేదయ్యా."

"నోర్ముయ్. వాళ్ళ ఎత్తులన్నీ విని ఏం చేద్దామనుకున్నావు? సర్వీసు కొడతావా ఆ పుల్లచేతుల్తో? పాపం గద్దల కోచ్‌గారు అమాయకంగా నిద్రపోతుంటే ఆయన చెవిలో ఆ బిళ్ళ దోపావు కదూ? లేచాక కూడా ఆ మహానుభావుడు చెవి తడుముకోలేదు, ఎంత మంచివాడో. యజమానిగారు కప్పు ఎత్తి ఊరేగితే అది నీ కుట్రే. పాపం ఆయన చేతులు ఎంత నొప్పెట్టాయో."

ఓడిన కోచ్ నవ్వాపుకోలేక దగ్గాడు. యజమాని గుమ్మడికాయల దొంగలా భుజం తడుముకున్నాడు. "సరేనండీ, పాపం, వదిలేయండి" అన్నాడు.

"ఎలా వదలమంటారు? వీడికి నిషేధం ఏ మూలకి? పోలీసులకి అప్పగిద్దాం. ఒరేయ్ దద్దమ్మా, రేపట్నించి నీ పిల్లలు బడికెళితే మైకు దొంగ పిల్లలంటారు. నీ పెళ్ళాం మొహం ఎక్కడ పెట్టుకుంటుందిరా? నిన్ను కన్నందుకు మీ అమ్మ..."

మైకు మనిషి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గదిలో ఎవరూ తలెత్తడం లేదు. చైర్మన్ చేతిలో బిస్కట్ టీలో విరిగి మునిగిపోయింది. ఇంత రాతిగుండె మనిషి కూతుర్నా నేను చేసుకున్నది, అనుకున్నాడు అల్లుడు.

గద్దల కెప్టెన్ కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. "ఇక చాలు సార్. ఆయన్ని ఇంకొక్క మాటంటే నేను వినలేను. ఆయనేం చేస్తాడు, పెట్టమంటే పెట్టాడు. బిళ్ళ కోచ్ చెవిలో ఉందని మా అందరికీ తెలుసు. కొనిచ్చింది ఈయన." వేలు యజమాని వైపు చూపించాడు. "మేం దొంగతనంగా గెలిచాం."

"ఇది రాయకయ్యా" అన్నాడు చైర్మన్ గాభరాగా.

"రాసేశానండీ" అన్నాడు అల్లుడు.

"నేనూ విన్నానండీ" అన్నాడు ఓడిన కోచ్. "ఈసారి లౌడ్‌స్పీకరు లేకుండానే."

మామ ఏమీ ఎరగనట్టు తన కుర్చీలో కూర్చుని చల్లారిన టీ తాగుతున్నాడు. అల్లుడు ఆయన్ని చూశాడు. పెళ్ళి మాటలనాటి మామ అక్కలు గుర్తొచ్చారు, గేటు గుర్తొచ్చింది. పెళ్ళయిన ఇన్నేళ్ళకి బుర్రలో దీపం వెలిగింది.

తీర్పు మార్చక తప్పలేదు. మైకు మనిషి మీద నిషేధం కొట్టేశారు, గద్దల కోచ్‌ని వెళ్ళగొట్టారు, కప్పు వెనక్కి అడిగారు. బీరువా తాళంచెవి పోయిందని గద్దలు కొన్నాళ్ళు నాటకమాడారు, లీగు పెద్దలు నమ్మినట్టు నటించారు కూడా. పత్రికలవాళ్ళు బీరువా ఫొటో వేశాక తాళంచెవి దొరికింది. కానీ గద్దల యజమాని మైకు మనిషిని మాత్రం ఆ వారమే తన స్టేడియంలోంచి గెంటేశాడు. పెద్దలు పడితే కింద నలిగేది చిన్నవాళ్ళే కదా.

సంగతి తెలియగానే మామ అల్లుణ్ణి వెంటేసుకుని, మైకు మనిషిని చెయ్యి పట్టి లాక్కుంటూ ఊరి అవతలి స్టేడియానికి వెళ్ళాడు. గేటు దగ్గర మేనేజరు ఎదురయ్యాడు.

"చూశావుటయ్యా వీణ్ణి?" మామ గొంతు వీధి చివరికి వినపడింది. "ఇలాంటి పనికిమాలినవాడికి బుద్ధున్నవాడెవడైనా పనిస్తాడా? మొహం చూడు, కరెంటు పోయిన బల్బు."

మైకు మనిషి బిక్కచచ్చిపోయాడు. అల్లుడు గొంతు సవరించుకుని ముందుకొచ్చాడు. "అవునండీ. పైగా... పైగా ఒట్టి మంచివాడు కూడానూ."

మామ కొరకొరా చూశాడు. "నీ మొహం. నీకు తిట్టడం కూడా చేతకాదురా. తప్పుకో."

మళ్ళీ మొదటినుంచి అందుకున్నాడు. మైకు మనిషి నడక అయింది, జుట్టు అయింది. చెప్పుల దగ్గరికి వచ్చేసరికి మేనేజరు రెండు చేతులూ అడ్డం పెట్టి, మైకు మనిషిని తన వెనక్కి లాక్కున్నాడు.

"ఏం మనిషండీ మీరు? పెద్దవారని ఊరుకుంటుంటే." మైకు మనిషి భుజం తట్టి, "నువ్వు లోపలికి రావయ్యా, ఈయనతో నీకేంటి. మా స్పీకర్లు గురగురమంటున్నాయి, కాస్త చూద్దువుగాని" అని తీసుకెళ్ళిపోయాడు.

మామ వాళ్ళు లోపలికి వెళ్ళేదాకా చూసి, జేబురుమాలుతో మూతి తుడుచుకున్నాడు.

"ఆ మేనేజరు గాడిదకి పెద్దా చిన్నా లేదురా" అన్నాడు ఎంతో తృప్తిగా.