తాలుకాయలు గెలిపించిన పేపరు

ఆ రోజుల్లో, అంటే మరీ తాతల కాలం అనుకోకండి, అందరి చేతుల్లోనూ ఫోన్లున్న రోజులే, డిగ్రీలో పొలిటికల్ సైన్స్ తీసుకున్న ఆడపిల్ల మా దర్శి వైపు పల్లెల్లో అపురూపమైన జీవి. "ఏం చదువుతున్నావమ్మా?" అని అడిగినవాళ్ళు జవాబు విని కాసేపు ఆలోచించి, "అయితే ఎలక్షన్లో నిలబడతావా?" అనేవాళ్ళు. లేదనేదాన్ని. "మరెందుకూ?" అనేవాళ్ళు. రెండేళ్ళు గుంటూరు హాస్టల్లో ఉన్నా ఆ ప్రశ్నకు జవాబు దొరకలేదు గానీ, తల ఎగరేసుకుని తిరగడం మాత్రం బాగా వంటబట్టింది.

రెండో ఏడు చివర్లో, మూడో ఏట ఏ పేపర్లు చదువుతామో ఎవరికి వాళ్ళం ప్లాన్ వేసుకుని కాలేజీలో చెప్పాలి. దారులు రెండు: అంతర్జాతీయ సంబంధాలు, లేదా స్థానిక పాలన. నేను మొదటిదానికి ఎప్పుడో మనసిచ్చేశాను. ఢిల్లీ, దేశదేశాల జెండాలు, మధ్యలో పొడుగాటి బల్ల, ఆ బల్ల దగ్గర గంజి పెట్టిన చీరలో నేను. స్థానిక పాలనంటే ఏముంది, వీధి కుళాయి, మురుక్కాలవ. వాటికోసం గుంటూరు దాకా పోవాలా, మా గుమ్మంలో నిలబడితే రెండూ కనిపిస్తాయి. సెలవలకి ఇంటికెళ్ళి ఈ మాటే ఘనంగా చెప్పాను. నాన్న నా ప్లాన్ అంతా విని, "ఉన్న చేనంతా మిరపే వేస్తే ఎట్టాగమ్మా, కాస్త పత్తి కూడా ఉండాలిగా" అని ఊరుకున్నాడు. పెద్దత్త ఊరుకోలేదు. (నాన్నకి అక్క. మా ఇంట్లో ఆర్థిక శాఖ, హోం శాఖ, విదేశాంగ శాఖ అన్నీ ఆవిడవే.) "ఆ దేశాల గొడవ నీకెందుకే? ఇక్కడి చదువే చదువు, ఇక్కడే ఉద్యోగం వచ్చుద్ది. ఢిల్లీలో నీకు గోంగూర ఎవరు చేసి పెడతారు?" అంది. ఆవిడ ఊ అనకపోతే నేను మళ్ళీ హాస్టల్ మెట్లెక్కేది లేదు. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

ఈ వాదం జరిగింది మా మిరప కల్లంలో. కోతలయిపోయి ఎర్రటి కాయ పట్టాల మీద పరుచుకుని ఎండుతోంది. తాలు ఏరడానికి కూలి ముఠా ఆడవాళ్ళు వరసగా కూర్చున్నారు. తాలంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ. ఒక్క తాలుకాయ కనబడినా కొనేవాడు ముఖం చిట్లిస్తాడు కాబట్టి, దాన్ని ఏరి పక్కనున్న బేసిన్లో వేస్తారు. నేనూ పావడాల నాటినుంచీ ఏరినదాన్నే. ముఠాకి పెద్ద మేస్త్రమ్మ. ఆవిడా, మిగతావాళ్ళూ మా గొడవంతా చెవులు రిక్కించి వింటున్నారు. వాళ్ళని చూడగానే నాకు బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది.

"ఓటింగ్ పెడదాం అత్తా, కల్లంలో ఉన్న ప్రతి మనిషికీ ఒక ఓటు" అన్నాను.

"ఓడిపోతే నోరు మూసుకుని ఒప్పుకుంటావా?"

"ప్రజాస్వామ్యమంటేనే అది" అన్నాను పెద్ద గొంతుతో.

(నా ధైర్యానికి కారణముంది. గెలిస్తే సాయంత్రం మిరపకాయ బజ్జీలు పెట్టిస్తానని అత్తతో ఈ మాట అనబోయే ముందే ముఠా దగ్గరికెళ్ళి చెవిలో వేశాను. "పొద్దుగూకులూ మిరపకాయల్లోనే పడుంటిమి, మళ్ళీ అయ్యేనా? పునుగులు చెప్పు" అంది మేస్త్రమ్మ. సరే పునుగులన్నాను. మొదటి ఎన్నికలోనే మేనిఫెస్టో మార్చుకున్న అభ్యర్థిని నేనే అయ్యుంటాను.)

రహస్య ఓటింగ్ ఉండాలని పట్టుబట్టాను. బేసిన్ ఖాళీ చేసి తెచ్చి, పైన తువ్వాలు కప్పి, నియమాలు వివరించాను. అంతర్జాతీయ సంబంధాలకి నిగనిగలాడే ఎర్రకాయ, స్థానిక పాలనకి తాలుకాయ. గుర్తులు నేనే ఎంచాను. ఎర్రకాయని కాదని తాలు వేసే మనిషి భూమ్మీద ఉంటాడా అని నా లెక్క. పెద్దత్త అభ్యంతరం పెట్టకపోయేసరికి, పాపం ఈవిడకి రాజకీయం తెలీదని లోలోపల జాలి కూడా పడ్డాను. ఒక్కొక్కరే లేచి, తువ్వాలు కింద చెయ్యి పెట్టి వచ్చారు. నేనూ వేశాను. నాన్న చివర వేశాడు.

తువ్వాలు తీశాను. బేసిన్లో అన్నీ తాలుకాయలే. ఒకే ఒక్క ఎర్రకాయ మధ్యలో బిక్కుబిక్కుమంటూ ఉంది.

"ఏంటిది పిన్నీ, పునుగులు ఒప్పుకున్నారుగా?" అన్నాను మేస్త్రమ్మతో.

"ఒప్పుకున్నాంలే పాపా. కానీ తాలు బేసిన్లో మంచికాయ ఎట్టా వేస్తాం? చెయ్యి రాదు గదా" అంది ఆవిడ. మిగతావాళ్ళంతా తలలూపారు. పెద్దత్త నవ్వు ఆపుకోలేక పమిట నోటికడ్డం పెట్టుకుంది. ఆవిడకి రాజకీయం తెలీదని ఎవరన్నారు?

పరువు దక్కించుకోవాలని ఆ ఎర్రకాయ పైకెత్తి, "నా ఓటు నేను మాత్రం సరిగ్గా వేసుకున్నా" అన్నాను.

"నువ్వేసిందీ తాలే పాపా. నీ వెనకే నిలబడ్డా, చూశా" అంది మేస్త్రమ్మ. (రహస్య ఓటింగ్ సంగతి సరేసరి.) వేసేటప్పుడు చేతిలో ఉన్నదేదో గుర్తుచేసుకున్నాను. నిజమే. వేళ్ళు వాటికలవాటైన పని అవి చేసేశాయి.

మరి ఈ ఎర్రకాయ ఎవరిది? అందరం ఒకళ్ళ ముఖాలొకళ్ళం చూసుకున్నాం. నాన్న మాత్రం ఎన్నడూ చూడనట్టు ట్రాక్టర్ టైరు కేసి చూస్తున్నాడు. నేల రాలిన కాయని కూడా వంగి ఏరి, ఊది, పట్టా మీద వేసే మనిషి ఆయన. పత్తి కూడా ఉండాలన్న మనిషి. నాకోసం మంచికాయని తాలు బేసిన్లో వేశాడు. నాన్న మెల్లగా వచ్చి నా చేతిలోంచి కాయ తీసుకుని, "లెక్కయిపోయిందిగా" అని మళ్ళీ ఎర్రకాయల్లో కలిపేశాడు.

మాటిచ్చాను కాబట్టి స్థానిక పాలనే తీసుకున్నాను. పునుగులు కూడా పెట్టించాను, ఓడిపోయి మరీ. ఇప్పుడు గుంటూరు బ్రాడీపేటలో ఒక కాలేజీలో పిల్లలకి ఆ పేపరే చెబుతున్నాను. వీధి కుళాయి గురించి మొదలుపెడితే బెల్లు కొట్టినా ఆపనని నాకు పేరు. గోంగూరకి లోటు లేదు. ఏటా పిల్లలు మూడో ఏడాది ప్లాన్లు పట్టుకొచ్చి, "ఏది తీసుకోమంటారు మేడం?" అని అడుగుతారు. వాళ్ళలో ఒకరిద్దరి కళ్ళల్లో ఆ పొడుగాటి బల్ల, ఆ జెండాలు కనిపిస్తూనే ఉంటాయి. అప్పుడు గంజి చీర కలలు కన్న ఆ తలబిరుసు పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఇంట్లో అడిగి రమ్మని మాత్రం ఎవరికీ చెప్పను. మీ ఇష్టం వచ్చింది తీసుకోండి, నా ఓటు మీకే అంటాను. మా నాన్న అలాగే వేశాడు మరి.