పిన్ని మూడో గీత

మా పిన్ని ఏ స్విచ్చినీ ఊరికే నమ్మదు. ఇంట్లోకి కొత్త మిక్సీ వచ్చిన రోజు మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, బాబాయి ఆకలితో గగ్గోలు పెట్టేదాకా వదల్లేదు. అలాంటి మనిషికి, పిండి కలిపే యంత్రాలకి కంట్రోల్ పెట్టెలు చేసే షెడ్డులో చెకింగ్ పని దొరికింది. ఇక చూస్కోండి. కాలేజీ మానేసి నేనూ అక్కడే తీగలు బిగిస్తున్నాను.

పెట్టెకి నాలుగు స్విచ్చులు: తాళం, మూత, పెడల్, చేతి బటన్. తాళం తిప్పి, మూత వేసి, పెడలో బటనో ఏది నొక్కినా దీపం వెలగాలి. మిగతావాళ్ళు అన్నీ వేసి ఓసారి, అన్నీ తీసి ఓసారి చూసి ముద్ర కొట్టేస్తారు. పిన్ని పదహారు రకాలుగానూ చూస్తుంది. మూడింటిని కదపకుండా నాలుగోదాన్ని మారుస్తుంది. దీపం మారితే దాని పేరు కింద ఓ గీత. తాళానికి మూడు, మూతకి మూడు, పెడల్‌కి ఒకటి, అరచేతంత పచ్చ బటన్‌కీ ఒకటే. మీ బాబాయిలాగే, ఎంత లావున్నా మాట చెల్లేది ఒక్కసారే అని నవ్వుతుంది.

ఆవేళ ఆమె ఆర్నెల్ల ట్రయల్‌కి ఆఖరి రోజు. మధ్యాహ్నంలోగా ఇరవై పెట్టెలు తేలకపోతే రేపట్నుంచి రావద్దని ఓనరు తెగేసి చెప్పాడు.

పంతొమ్మిది తేలాయి. ఇరవయ్యోదానికి గీతలు తేడా వచ్చాయి, మూతకి రెండే. పిన్ని ముద్ర ముట్టుకోలేదు. ఓనరు వచ్చి కాగితం చూశాడు. మూతకి ఒక్క గీత తగ్గితే ఏం మునిగింది నీకు, అన్నాడు.

"మూడో గీత పడనే లేదు, రెండోది తిరగబడింది సార్. పెడల్ వదిలేసి బటన్ నొక్కితే, మూత తీసినప్పుడు వెలుగుతోంది, వేస్తే ఆరిపోతోంది."

ఆమె పట్టుదల ఒకటే. ఇంకో స్విచ్చి వేసినా దీపం వెలగకపోతే పోనీ, వెలిగేది మాత్రం ఆరకూడదు. ఓనరుకి అదంతా ఎక్కలేదు. అన్నీ వేస్తే వెలిగిందిగా, కొట్టు ముద్ర అన్నాడు.

పిన్ని ఆ పెట్టెని పక్కనున్న నమూనా యంత్రానికి తగిలించింది. తాళం తిప్పి, మూత తెరిచి, బటన్ మీద వేలుంచి, ఎంతో మర్యాదగా అడిగింది.

"మీ చెయ్యి గిన్నెలో పెట్టండి సార్. నొక్కుతాను."

ఓనరు చెయ్యి జేబులోకి పోయింది. రెండోదీ పోయింది. పిన్ని ఖాళీ గిన్నె మీదే నొక్కింది. లోపలి కొక్కెం గిర్రున తిరిగింది. షెడ్డంతా ఘొల్లుమంది, ఓనరుతో సహా. నవ్వనిది నేనొక్కణ్ణే. బటన్ తీగని మూత స్విచ్చిలో, మూత తెరిస్తే కలిసే పక్క రంధ్రానికి బిగించిన వెధవని నేనే మరి.

ఒప్పుకుని, విప్పి బిగించాను. పిన్ని మళ్ళీ పదహారూ మొదలెట్టింది. భోజనం గంట కొట్టేసినా ఓనరు జేబుల్లో చేతులతో అక్కడే నిలబడి గీతలు లెక్కపెట్టుకున్నాడు. ముద్ర పడ్డాక, "రేపు తొమ్మిదికి రండమ్మా," అన్నాడు.

పిన్ని నావైపు తిరిగింది.

"నువ్వు ఎనిమిదిన్నరకే రా. నీ తీగలు ముందు చూడాలి."