రెండు పొరలా, మూడు పొరలా

పదో తరగతి సగంలో బడి మానిన కోమల, తల్లి లస్మవ్వ పక్కన కూర్చుని పదకొండేళ్ళు బీడీలు చుట్టింది. ఎనిమిది నెలల కింద కరీంనగర్ శివారులోని కాలేజీ ల్యాబులో అటెండరుగా చేరింది. ఊడ్చే పనికే తీసుకున్నారు గాని, అక్కడ పరిశోధన చేసే శ్రేయ ఆమె వేళ్ళ వేగం చూసి గాలి చొరని అద్దాల పెట్టె ముందు కూర్చోబెట్టింది. పెట్టెకున్న రబ్బరు తొడుగుల్లో చేతులు దూర్చి, నల్లటి స్ఫటికానికి టేపు అంటించి లాగాలి. లాగిన కొద్దీ పొరలు విడిపోతాయి. బయటి గాలి తగిలితే నిమిషాల్లో పాడవుతాయి.

బాగా చల్లబరిస్తే ఒక్క పొర కూడా అయస్కాంతమే అని శ్రేయ చెప్పింది. రెండో పొర దానికి ఎదురు తిరుగుతుంది, రెండింటి బలం కలిసి సున్నా. మూడోది తోడైతే మళ్ళీ అయస్కాంతం. పొరలు పెరిగే కొద్దీ ముదిరే రంగును మైక్రోస్కోపులో చూసి ఎన్ని పొరలో కోమల చెప్తే, శ్రేయ మళ్ళీ చూసేది కాదు.

ఇవాళ రెండు గంటల బస్సుకు శ్రేయ హైదరాబాద్ పోవాలి. పొరలను బాగా చల్లబరిచి, అయస్కాంతమైతే సూది కదిలి చూపే అక్కడి యంత్రం ఆమెకు రేపు ఒక్కరోజే దొరికింది. తప్పితే మళ్ళీ నాలుగు నెలలకు. రెండు పొరల ముక్క కావాలని శ్రేయ అడిగితే పొద్దున్నే కోమల ఏరి, సీలు వేసి, డబ్బాలో పెట్టి ఇచ్చింది. పదింటికి తెలిసింది, మైక్రోస్కోపుకు నిన్న కొత్త బల్బు వేశారని. పాత మూడు పొరల ముక్క పెట్టి చూసింది. ఆ వెలుగులో అదీ రెండు పొరల్లాగే లేతగా కనిపించింది. అంటే పొద్దున తను ఇచ్చింది మూడు పొరలదే.

చెప్పాలి. కానీ బీడీ కార్ఖానాలో ఎవరు చెప్పేవాళ్ళు? ఒక్క బీడీ పాడైందని ఒప్పుకుంటే లెక్క చూసేవాళ్ళు గంపంతా పక్కన పెట్టేవాళ్ళు. అందుకే చుట్టేవాళ్ళు దాన్ని కట్ట నడుమకు నెట్టేవాళ్ళు. కోమల ఊడ్చిన గదినే మూడుసార్లు ఊడ్చింది. నిండిన బాటిల్‌నే మళ్ళీ నల్లా కింద పెట్టి తిప్పి కాళ్ళు తడుపుకుంది.

“ఏంది కోమలా, కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్? పోయేది నేను, పరేషాన్ నీకా?” శ్రేయ నవ్వింది.

“ఏం లేదు మేడం.”

ఒంటిగంటన్నరకు శ్రేయ బ్యాగు భుజానికేసుకుంది. కోమల గబగబా వచ్చి తలుపుకు అడ్డం నిలబడింది.

“మేడం, అది రెండు గాదు. మూడు.”

“ఎప్పుడు తెల్సింది నీకు?”

“పదింటికి.”

“పదింటికా! గిప్పటిదాంక నోట్లె బెల్లం పెట్టుకున్నవా?”

బ్యాగు బల్ల మీద పడింది. రెండు గంటల బస్సు పోయింది. మూడింటిదీ పోయింది. కోమల టేపు మీద టేపు లాగుతూనే ఉంది. నాలుగు దాటాక, పాత ముక్కల పక్కన పెట్టి పోల్చి, “ఇది రెండు” అంది. శ్రేయ ఆమెను జరగమని సైగ చేసి, తనే అరగంట చూసింది. గోడ పక్కన నిలబడ్డ కోమలకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

గేటు దగ్గర శ్రేయ వెనక్కి తిరిగింది. “రేపు సూది కదిలిందనుకో?”

“కదలది మేడం.”

“గంత గట్టిగ చెప్తున్నవ్!”

“రెండే గద మేడం. కదలది.”

శ్రేయ నవ్వలేదు. “పొద్దుగాల ఫోన్ దగ్గర పెట్టుకో” అని ఆటో ఎక్కింది.