తెల్లకారుకు సొట్ట

మాది కోరుట్ల. నక్సలైట్ల కాలంలో మావారు దుబాయి నుంచి వచ్చి, ముచ్చటపడి తెల్ల అంబాసిడర్ కొన్నారు. పొద్దున్నే తుడవనిదే చాయ్ తాగేవారు కాదు.

ఒకసారి మెట్‌పల్లి దారి మలుపులో పసుపు బస్తాల ఎడ్లబండి తగిలి కారు తలుపు సొట్టపోయింది. మావారు కోపంగా దిగారు. ఆయన్ని చూడగానే బండి తోలేవాడు పగ్గాలు వదిలేసి చేలల్లో పడి పరుగెత్తాడు. బస్తాల మీద కూర్చున్న అతని భార్య దిగి చేతులు జోడించింది.

"సారూ, మేం అన్నలకు బువ్వ పెట్టలే. మా ఆయనను తీస్కపోకుండ్రి."

అప్పట్లో మఫ్టీ పోలీసులు తెల్లకార్లలోనే వచ్చేవారు.

"మేం పోలీసోళ్లం గాదమ్మా, కోరుట్లోళ్లం" అన్నారు మావారు. ఆమె నమ్మలేదు.

సొట్ట తీయించడానికి జగిత్యాల వెళ్లిన మావారు కారుకు నీలం రంగు వేయించుకొని వచ్చారు. సొట్ట అట్లాగే ఉంది.